తాతగారి దునాలికి అసలు వయసెంత?

మా తాతగారి తుపాకి గురించి ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అమ్రాబాద్ అడవికి షికారుకు వచ్చినప్పుడు మా ముత్తాత దారి చూపారట. ఆ మెప్పుతో నిజాం తన చేతిలోని తుపాకినే బహుమతిగా ఇచ్చి వెళ్ళారట. చిన్నప్పుడు ఈ కథ విన్న ప్రతిసారీ గోడకు వేలాడే ఆ దునాలి (రెండు గొట్టాల తుపాకి) వైపు గుడిలో విగ్రహాన్ని చూసినట్టు చూసేవాణ్ణి.

దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, వనపర్తి వైపు పాత ఇళ్ళకు వెళితే ఇలాంటి కథలు ఇంకా వినిపిస్తాయి. ఇచ్చినవారు మాత్రం మారుతుంటారు. ఒక ఇంట్లో నిజాం, ఒక ఇంట్లో సంస్థానం రాజా, మరో ఇంట్లో పేరు తెలియని తెల్లదొర. నమ్మడానికి కారణాలూ లేకపోలేదు. మహబూబ్ అలీ ఖాన్ వేట మోజు లోకమెరిగినదే. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్ అయింది ఆయన పేరు మీదనే. ఆయన ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన షికారు ఫొటోలు ఈనాటికీ చూడవచ్చు.

తాతగారు పోయాక లైసెన్సు మా పెద్దనాన్నగారి పేరు మీదికి మారింది. ఒక వేసవి మధ్యాహ్నం ఆయన తుపాకి శుభ్రం చేస్తూ గొట్టాలు ఊడదీసి చాప మీద బోర్లించారు. ఎన్నేళ్ళుగానో మాలో ఎవరమూ చూడని అడుగు భాగం వెలుతురులోకి వచ్చింది. అక్కడ ఆవగింజంత కిరీటాలు, వాటి కింద అక్షరాలు. వజ్రం ఆకారపు గడిలో 12, దాని కింద సి. పక్కన రెండున్నర అంగుళాలని, ఒక ఔన్సూ, ఇంకో ఎనిమిదో వంతూ అని కొలతలు. ఆ రకం గుర్తులన్నీ ఒకే చోట కనిపించేది 1925కూ 1954కూ మధ్య పరీక్షకు వెళ్ళిన తుపాకి మీదనే. మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది 1911లో.

ఆ సంగతి తెలిసిన రోజు పెద్దనాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఈ కథ ఎక్కడిది?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న వెంట తిరిగి నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన ప్రాంతంలో ఇలాంటి తుపాకులు ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. వాటి చరిత్ర చెప్పగల పెద్దలు మాత్రం ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

అడుగున ఉన్న జాతకం

చూడటానికి ముందు ఒక జాగ్రత్త. లైసెన్సు ఉన్నవారి చేతుల్లోనే, వారి సమక్షంలోనే తుపాకి విప్పించాలి. పైనున్న మీటను పక్కకు నెట్టి గొట్టాలు వంచి, రెండింట్లోనూ తూటా లేదని కళ్ళారా చూశాకే మిగతా పని. ముప్పై ఏళ్ళుగా పేల్చలేదు కదా అన్న ధీమా పనికిరాదు. ఆ ముప్పై ఏళ్ళ కిందటి తూటా లోపలే ఉండిపోయి ఉండవచ్చు.

ముందు చెక్క తీస్తే గొట్టాలు ఊడి వస్తాయి. తూటా దూర్చే చోట, అడుగున, రెండు చదునైన పలకలు ఉంటాయి. తుపాకి జాతకం అక్కడ ఉంది. ఫోను టార్చిని నిటారుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుంటే అరిగిపోయిన గుర్తుల నీడలు కూడా తేలతాయి. నల్లగా మసిబారి ఉంటే నూనె గుడ్డతో తుడిస్తే చాలు. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండుతో, గరుకు కాగితంతో గొట్టాలు రుద్దినవాళ్ళను నేను చూశాను. తుపాకి తళతళలాడింది, జాతకం చెరిగిపోయింది.

ఆ గుర్తులు ఎందుకు వేస్తారో తెలిస్తే చదవడం తేలిక. ఇంగ్లండులో తయారైన ప్రతి గొట్టాన్నీ అమ్మకానికి ముందు ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షాగృహానికి పంపాలి. అక్కడ మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేలుస్తారు. పగలకుండా నిలిచిన గొట్టానికే ముద్ర పడుతుంది. లండన్‌లో ఈ పని 17వ శతాబ్దం నుంచీ ఉంది, బర్మింగ్‌హామ్‌లో 1813లో చట్టం ద్వారా మొదలైంది. మన దేశానికి వచ్చిన ఇంగ్లిషు వేట తుపాకుల్లో ఎక్కువ భాగం బర్మింగ్‌హామ్‌వే కాబట్టి వాటితో మొదలుపెడదాం.

పైన కిరీటం, కింద ఒకదానికొకటి అడ్డంగా రెండు రాజదండాలు, వాటి సందుల్లో బి, పి, సి అక్షరాలు ఉంటే ఆ తుపాకి 1904కు ముందుది. అక్షరాలు కిరీటం కిందనే నేరుగా బి.వి., బి.పి., ఎన్.పి. అని ఉంటే 1904 తర్వాతిది. ఎన్.పి. అంటే నైట్రో ప్రూఫ్. పొగ రాని కొత్త మందుకు తట్టుకుంటుందన్న హామీ అది. 1896 నుంచి 1904 దాకా ఆ మాటను అక్షరాలా నైట్రో ప్రూఫ్ అనే చెక్కేవారు.

గొట్టం మూతిని కొంచెం ఇరుకు చేస్తే ఛర్రాలు, అంటే తూటాలోని చిన్న సీసపు గుళ్ళు, చెదరకుండా దూరం పోతాయి. దాన్నే చోక్ అంటారు. ఇది వాడుకలోకి వచ్చిన కొత్తల్లో, 1875 నుంచి 1887 దాకా, అలాంటి గొట్టం మీద 'నాట్ ఫర్ బాల్' అని ముద్ర వేసేవారు, ఒంటి గుండు పెట్టి పేల్చవద్దని. 1887 నుంచి దాని బదులు 'చోక్' అన్న ఒక్క మాట. వజ్రం గడిలో, గొట్టం వెడల్పును తెలిపే బోరు సంఖ్య వేయడం కూడా 1887లోనే మొదలైంది. తూటా గది పొడవును అంగుళాల్లో చెక్కడం 1925 నుంచి. 1954 తర్వాత ఛర్రాల బరువు చెప్పే ఔన్సులు పోయి చదరపు అంగుళానికి ఇన్ని టన్నుల ఒత్తిడి అన్న లెక్క వచ్చింది. మీ తుపాకి మీద '3 టన్స్' అని కనిపిస్తే అది స్వాతంత్ర్యం తర్వాత పరీక్షకు వెళ్ళిన గొట్టం. ఎవరు ఎవరికి బహుమతిగా ఇచ్చారన్న కథను అక్కడి నుంచి వెనక్కి లాగలేం.

ఇంకొక చిన్న సాయం కూడా ఉంది. బర్మింగ్‌హామ్ పరీక్షాగృహం 1921 నుంచి 1940ల ఆరంభం దాకా, మళ్ళీ 1950 నుంచి, పరీక్ష జరిగిన ఏడాదికి ఒక అక్షరాన్ని సంకేతంగా వేసింది. అది దొరికితే ఏడాదితో సహా తేలిపోతుంది. మా తుపాకి మీద ఆ చోటే అరిగిపోయింది.

లండన్ ముద్రలు వేరు. జి, పి అక్షరాలు పెనవేసుకుని పైన కిరీటం ఉంటుంది. నైట్రో పరీక్ష ముద్రలో కవచం తొడిగిన చేయి ఒకటి వంపు కత్తి పట్టుకుని ఉంటుంది. ఆ చేయి కనిపిస్తే తుపాకిని మరింత శ్రద్ధగా చూడండి. గొప్ప పేరున్న లండన్ తయారీదారుల వస్తువులు అక్కడికే వెళ్ళేవి.

ఇక బెల్జియం. ఇంగ్లిషు తుపాకి అనుకుంటూ మన ఇళ్ళలో దాచుకున్నవాటిలో కొన్ని నిజానికి లీజ్ పట్టణంలో పుట్టినవి. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ, ఎల్, జి అక్షరాలు, వాటి కింద నక్షత్రం ఉంటే అది లీజ్ ముద్ర. ఆ గుడ్డు మీద కిరీటం ఉంటే 1893 తర్వాతిది, లేకపోతే అంతకు ముందుది. దాని పక్కనే పి.వి. అక్షరాల పైన సింహం ఉంటే నైట్రో పరీక్ష కూడా అయిందని అర్థం. 1922 నుంచి వీరు కూడా ఏటేటా ఒక అక్షరం మారుస్తూ వచ్చారు. లీజ్‌లో మంచి పనివాళ్ళకు కొదవ లేదు. బెల్జియం అనగానే నాసిరకం అని పెదవి విరవడం అన్యాయం. అయితే అక్కడి నుంచి చౌక రకాలు కూడా ప్రసిద్ధ ఇంగ్లిషు పేర్లను పోలిన పేర్లతో ప్రపంచమంతా వెళ్ళాయి. వెస్ట్లీ రిచర్డ్స్ అన్న పెద్ద పేరును తలపించేలా డబ్ల్యూ. రిచర్డ్స్ అని చెక్కినవి అందుకు పేరుపొందిన ఉదాహరణ. పైన ఉన్న పేరు ఏం చెప్పినా అడుగున ఉన్న గుడ్డు నిజం చెబుతుంది.

పైన ఉన్న పేరు ఎవరిది?

రెండు గొట్టాల మధ్య పట్టీ మీద అందంగా చెక్కిన పేరును అందరూ తయారీదారు పేరనుకుంటారు. మా తుపాకి మీద మాంటన్ అండ్ కంపెనీ, కలకత్తా అని ఉంది. కలకత్తాలో తయారైందనే మా ఇంట్లో ఇన్నాళ్ళూ అనుకున్నారు. మాంటన్, లయన్ అండ్ లయన్, రోడ్డా, వాల్టర్ లాక్ ఇవన్నీ కలకత్తాలో పేరున్న తుపాకి దుకాణాలు. మద్రాసులో గడియారాలకు పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ తుపాకులు కూడా అమ్మేది. వీరు బర్మింగ్‌హామ్ నుంచి తుపాకులు తెప్పించి తమ పేరు చెక్కించి అమ్మేవారు. పేరు అంగడిది, పుట్టుక వేరే చోట. లండన్‌లో తుపాకి పనిని ఒక కళగా మార్చిన జోసెఫ్ మాంటన్ 1835లోనే చనిపోయాడు. కలకత్తా మాంటన్ అని ఉన్న ప్రతి తుపాకీ ఆయన చేతి పని కాదు.

అంగడి పేరుకూ విలువ ఉంది. ఏ దారిన మన ఊరికి చేరిందో అది చెబుతుంది. రోడ్డా పేరు చూసినప్పుడల్లా నాకు 1914 ఆగస్టు 26 గుర్తుకొస్తుంది. ఆ రోజు బెంగాల్ విప్లవకారులు ఆ కంపెనీ సరుకులో నుంచి 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు దారి మళ్ళించారు. అదే దుకాణం పేరున్న దునాలి ఇప్పుడు కొల్లాపూర్‌లో ఎవరి ఇంట్లోనో నిశ్శబ్దంగా ఉండి ఉండవచ్చు.

వరుస సంఖ్య సంగతి కూడా చూడాలి. గొట్టాల మీద, లోపలి ఇనుప దిమ్మ మీద, ముందు చెక్క ఇనుము మీద ఒకే సంఖ్య ఉంటే మూడూ కలిసి పుట్టినవే. వేరైతే మధ్యలో ఏదో మారింది. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్లీ రిచర్డ్స్ వంటి కంపెనీలు ఏ సంఖ్య ఎప్పుడు తయారైందో, ఎవరికి అమ్మారో రాసిన పాత ఖాతా పుస్తకాలను కాపాడుకుంటూ వచ్చాయి. సంఖ్య స్పష్టంగా ఉంటే ఉత్తరం రాసి అడగవచ్చు.

చాలామంది తడబడే చోటు ఇంకొకటి ఉంది. తుపాకికి బయట రెండు గుర్రాలు ఉంటే, అంటే వేలితో వెనక్కి లాగి వదిలే సుత్తులు ఉంటే, అది శతాబ్దం నాటిదని తేల్చేస్తారు. వెస్ట్లీ రిచర్డ్స్‌లో పనిచేసిన ఆన్సన్, డీలీ గుర్రాలను లోపలికి దాచే పద్ధతిని 1875లోనే కనిపెట్టారు. అంతమాత్రాన బయటి గుర్రాలు పోలేదు. దశాబ్దాల తర్వాత కూడా అవి తయారవుతూ, అమ్ముడవుతూ వచ్చాయి. మారుమూల పల్లెలో బాగుచేయడం తేలిక, ఎక్కుపెట్టి ఉందో లేదో దూరం నుంచే కనిపిస్తుంది, అందుకే మనవాళ్ళు వాటినే ఇష్టపడ్డారు. కాబట్టి గుర్రాలను చూసి వయసు కట్టకూడదు. మూతి నుంచి మందు దట్టించే భర్మార్ కూడా అంతే. పల్లెల్లో కమ్మరులు వాటిని చాలా కాలం చేస్తూనే ఉన్నారు.

12 బోరు అంటే 12 మిల్లీమీటర్లు కాదని కూడా చెప్పాలి. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోరు. కొలిస్తే 0.729 అంగుళం, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. 16 బోరు దానికంటే సన్నం, 20 ఇంకా సన్నం.

కోనసముద్రం ఉక్కు, డమాస్కస్ గొట్టం

కొన్ని పాత గొట్టాల మీద నీళ్ళలో అలల్లా, పట్టుచీర అంచులో మెలికల్లా గోధుమరంగు చారలు ఉంటాయి. వాటిని డమాస్కస్ గొట్టాలంటారు. ఈ పేరు వినగానే మన తెలంగాణ చరిత్ర తెలిసినవాళ్ళకు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం గుర్తుకొస్తుంది. అక్కడి కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి దక్కను ఉక్కుతో చేసిన కత్తులే డమాస్కస్ కత్తులుగా పేరుకెక్కాయి. అందుకే, ఈ తుపాకి గొట్టం మన కోనసముద్రం ఉక్కుదేనని ఒక పెద్దాయన నాతో కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చెప్పారు.

ఆయన మాట కాదనడానికి నాకు మనసు రాలేదు గాని, రెండూ ఒకటి కావు. మూస ఉక్కు ఒకే ముద్ద. దాని మీది చారలు కరిగి చల్లారే క్రమంలో లోహం లోపలి నుంచి పుట్టినవి. తుపాకి గొట్టం పద్ధతి వేరు. సన్నని ఇనుప, ఉక్కు కడ్డీలను కలిపి మెలిపెట్టి, ఆ పట్టీని తాడు చుట్టినట్టు చుట్టి, ఎర్రగా కాల్చి సుత్తి దెబ్బలతో అతికిస్తారు. చారలు ఆ మెలికలవి. ఈ పని బర్మింగ్‌హామ్‌లో, లీజ్‌లో జరిగేది. పోలిక చూసి పేరు పెట్టారు, అంతే. అయినా ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కో మెలికనూ చూస్తే, వాటి వెనుక ఎన్ని రోజుల కొలిమి పని ఉందో తెలుస్తుంది. అది దానికదే గొప్ప పని.

ఈ గొట్టాల విషయంలో కచ్చితంగా ఉండాలి. ఇవి ఎక్కువగా పొగ వచ్చే పాత నల్ల తుపాకిమందు కాలానివి. ఆ పాత మందు నెట్టినట్టు పేలితే, కొత్త మందు కొట్టినట్టు పేలుతుంది. అతుకుల మధ్య చిక్కిన తుప్పు బయటికి కనిపించదు. నైట్రో ముద్ర లేని డమాస్కస్ గొట్టంలో ఇప్పటి తూటా పెట్టడమంటే మొహం ముందు బాంబు పెట్టుకోవడమే. ముద్ర ఉన్నా, అది పడిన నాటి నుంచి ఎన్ని వానాకాలాలు గడిచాయో ఆలోచించండి.

ఉక్కు గొట్టానికీ ఒక ఉచ్చు ఉంది. పాత తూటా గది పొడవు రెండున్నర అంగుళాలు. తర్వాత వచ్చిన తూటాలు రెండు ముప్పావు. పేలకముందు తూటా మూతి మడిచి ఉంటుంది గనుక పొడుగు తూటా కూడా పాత గదిలో సుఖంగా దూరుతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుని ముందున్న ఇరుకులోకి చొచ్చుకుపోతుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. దూరింది కదా అని సరిపోయినట్టు కాదు.

గొట్టాల ఆరోగ్యం తెలుసుకోవడానికి పాతకాలపు పరీక్ష ఒకటుంది. ఊడదీసిన గొట్టాలను అడుగునున్న కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి చెక్క పుల్లతో మెల్లగా తట్టాలి. కుమ్మరి దగ్గర కుండ కొనేటప్పుడు మన ఇళ్ళలో ఆడవాళ్ళు వేలితో కొట్టి చూస్తారే, అదే ఇక్కడ. గంటలా సాగి మోగితే మధ్య పట్టీ అతుకులు బిగువుగా ఉన్నట్టు. బీట పడిన కుండలా బొంగురుగా పలికితే ఎక్కడో అతుకు వీడింది. తర్వాత తుపాకి కూర్చి, మూసి, దీపానికి ఎదురుగా పట్టుకోవాలి. గొట్టాల వెనక అంచుకూ ఇనుప గోడకూ మధ్య వెలుగు సన్నగా కనిపించినా సరే, అది అరిగిపోయిన తుపాకి.

పెట్టెలో ఉర్దూ కాగితం

ఇనుము తన వయసు చెప్పింది. మన ఇంటికి ఎప్పుడు వచ్చిందో చెప్పాల్సింది కాగితాలు. మా రేకు పెట్టెలో ఒక ఉర్దూ లైసెన్సు కాగితం దొరికింది. మీద 1346 అని ఉంది. ఉర్దూ చదవగల బంధువు ఒకరు దాన్ని హిజ్రీ సంవత్సరం అనుకుని 1927 అని లెక్క కట్టారు. నిజాం రాజ్యంలో కచేరీ వ్యవహారమంతా ఫస్లీ సంవత్సరాల్లో జరిగేదని చాలామంది మరచిపోయారు. ఫస్లీ ఏడాది అక్టోబరు మొదట్లో మారుతుంది. ఆ సంఖ్యకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి వచ్చే తేదీలకు 591 కలపాలి. ఆ లెక్కన 1346 ఫస్లీ అంటే 1936 అక్టోబరు నుంచి 1937 అక్టోబరు దాకా.

హిజ్రీనా, ఫస్లీనా అని ఎలా తెలుస్తుంది? నెల పేరు చూడాలి. మొహర్రం, సఫర్, రంజాన్ వంటివి ఉంటే హిజ్రీ. ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఖుర్దాద్ వంటి పారసీ నెలలు ఉంటే ఫస్లీ. మా కాగితంలో బహ్మన్ అని ఉంది. అది దాదాపు డిసెంబరు నెల. అంటే ఈ తుపాకి 1936 డిసెంబరు నాటికే మా తాతగారి పేరు మీద ఉంది. అడుగున ఉన్న ముద్రలు చెప్పిన 1925–1954 మధ్య కాలానికి అది సరిగ్గా సరిపోయింది. పాత భూమి పత్రాలు చదివే ఎవరికైనా ఈ లెక్క తెలిసే ఉంటుంది గాని, తుపాకి కాగితం చేతికొచ్చేసరికి మరచిపోతారు.

ఫొటోలను కూడా కాగితాలతో పాటే చదవాలి. మా ముత్తాత ఫొటో ఒకటి ఉంది. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద తుపాకి అడ్డంగా పెట్టుకున్నారు. ఆ ఫొటోను నేను కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. ఈసారి భూతద్దం పెట్టి తుపాకిని చూశాను. గొట్టాల వెనుక, కుందేలు చెవుల్లా, రెండు గుర్రాలు నిలబడి ఉన్నాయి. మా ఇంట్లో ఉన్న దునాలికి బయట గుర్రాలు లేవు.

అంటే తుపాకులు రెండు. నిజాం కథ ఆ గుర్రాల తుపాకిది. తాతగారు 1936 ప్రాంతంలో కొనుక్కున్నది ఇది. మరి ఆ మొదటిది ఏమైంది?

ఇక్కడే మన ప్రాంతపు చరిత్ర అడ్డుపడుతుంది. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక, వడిసెలలతో, గుతుపలతో మొదలైన పోరాటం తుపాకుల దాకా వెళ్ళింది. గడీల్లోని తుపాకులు దళాల చేతికి పోయాయి. రజాకార్ల రోజులు, 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు చర్య, 1951 అక్టోబరులో పోరాట విరమణ. ఆ అయిదారేళ్ళలో దక్షిణ తెలంగాణలో ఎన్ని తుపాకులు చేతులు మారాయో, ఎన్ని భూమిలోకి, బావుల్లోకి పోయాయో లెక్క లేదు. మా మేనత్త గుర్రాల తుపాకిని దళం పట్టుకుపోయిందంటారు. చిన్న తాతగారు మాత్రం దాన్ని గొంగడిలో చుట్టి పెరట్లో పాతిపెట్టారని చెప్పేవారు. పోయిన తుపాకి కథ ఉన్న తుపాకికి అంటుకుంది. చనిపోయిన పెద్దల పేరు మనవడికి పెట్టుకున్నట్టే.

మీ ఇంటి కథకూ ఇనుముకూ పొంతన కుదరకపోతే కథను వెంటనే పారేయకండి. అది వేరే తుపాకిదేమో వెతకండి.

పాతదైతే లైసెన్సు అక్కర్లేదా?

చాలామంది ఈ భ్రమలో ఉన్నారు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాత నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి కొంత మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కాని బాగుచేసినా చేయకపోయినా తుపాకిగా వాడటానికి వీలు లేనిదై ఉండాలన్నది అందులోని షరతు. పేలగలిగే తుపాకికి ఎన్నేళ్ళున్నా లైసెన్సు ఉండాల్సిందే. అటకెక్కించిన భర్మార్‌కూ అంతే.

లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చేయకుండా తుపాకిని పోలీసు ఠాణాలోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమ చేయాలి. తర్వాత వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతదాకా ఆగనవసరం కూడా లేదు. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, తుపాకి ఆయన దగ్గర పాతికేళ్ళు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, తాను ఎంచుకున్న వారసుడి పేరు మీదికి మార్పించవచ్చు. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. లైసెన్సు గడువు అయిదేళ్ళకు పెరిగింది. మా తాతగారు బతికి ఉండగానే ఈ పని చేసి ఉంటే, ఆయన పోయిన దుఃఖంలో మా పెద్దనాన్నగారు కాగితాల చుట్టూ తిరగాల్సి వచ్చేది కాదు.

వేట సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ అధ్యాయం ముగిసింది. మా కథలో నిజాం నడిచిన అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం.

కుందా మీద రాగిరేకు

ఇక ఆ వస్తువును ఎలా ప్రేమించాలన్నది. మా తుపాకి కుందా, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, అక్రోట్ కర్రది. చేయి పట్టే సన్నని చోట ఎప్పుడో విరిగింది. ఊరి వడ్రంగి దాన్ని అతికి, పైన పల్చని రాగిరేకు చుట్టి, బియ్యపు గింజంత మేకులు పదకొండు కొట్టాడు. మేకుల తలలు వేలికి తగలకుండా ఆకురాయితో నున్నగా చేశాడు. బర్మింగ్‌హామ్ చెక్కడం పనివాడు ఇనుము మీద గులాబీలు తీర్చితే, మా ఊరి వడ్రంగి రేకు అంచును చిన్న చిన్న కోసులుగా కత్తిరించాడు. పేరున్న దుకాణానికి ఇచ్చి ఆ రేకు తీయించి కొత్త కుందా వేయించమని ఒకరు సలహా ఇచ్చారు. మేము ఒప్పుకోలేదు. ఆ తుపాకిలో మా ఊరి చేయి పడిన చోటు అదొక్కటే.

కుందాకు ఏడాదికోసారి అవిసె నూనె రెండు చుక్కలు అరచేత్తో రుద్దితే చాలు. ఇనుముకు తుపాకి నూనె పల్చగా రాయాలి. కొబ్బరినూనె, వేరుశెనగనూనె దానికి పనికిరావు. తోలు సంచిలో దాచకూడదు, తోలు తేమ పీల్చి ఇనుముకు అంటిస్తుంది. మెత్తని నూలు గుడ్డ మేలు. ఎన్నికలు వచ్చి ఠాణాలో జమ చేయాల్సి వచ్చినప్పుడు ముందే నూనె దట్టంగా పట్టించి, అన్ని వైపులా ఫొటోలు తీసి, రసీదు మీద వరుస సంఖ్య రాయించుకోండి. ఒకసారి మా తుపాకి ఎడమ గొట్టంలో తుప్పు పుట్టి తిరిగివచ్చింది. నూనె పెట్టకుండా ఇచ్చిన తప్పు మాదే.

చివరిగా ఒక మనిషి గురించి చెప్పాలి. కథ కోసం తిరుగుతుండగా మా ఊళ్ళో తొంభైకి దగ్గరపడ్డ ఒక పెద్దాయనను కలిశాను. ముత్తాత ఫొటో చూపించాను. ఆయన తుపాకి వైపు చూడలేదు. ఫొటో అంచున, కుర్చీ వెనుక, సగం తెగిన ఒక మనిషి భుజం కనిపిస్తుంది. ఆ భుజం మీద వేలు పెట్టి, "మా నాయన ఇట్లనే నిలబడేటోడు" అన్నారు. వాళ్ళ నాన్నగారు హాకా మనిషి. దొరలు మంచె మీద కూర్చుంటే, డబ్బాలు వాయిస్తూ, కేకలు పెడుతూ పొదల్లోంచి మృగాన్ని తోలుకొచ్చేవాళ్ళను హాకా వాళ్ళంటారు. ఊళ్ళోవాళ్ళను వెట్టికి పిలిచేవారు, అడవిలో జాడ చూపడానికి చెంచులను పిలిచేవారు. చేతిలో కర్ర తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఎలుగు ఎదురుతిరిగి వాళ్ళ నాన్నగారి తొడ చీల్చిందట. కూలి లేదు, మందు లేదు, మర్నాడు మళ్ళీ పిలుపు. నిజాంకు దారి చూపిన గొప్పను మేము మూడు తరాలు చెప్పుకున్నాం. ఆ దారిలో ముందు నడిచినవాళ్ళ ఊసు మా కథలో ఒక్కసారి కూడా రాలేదు.

ఇంటికి వచ్చి పెద్దనాన్నగారికి చెప్పాను. తుపాకి పెట్టెలో ఉంచడానికి ఆయన స్వయంగా ఒక కాగితం రాశారు. మొదటి పేరాలో ఈ దునాలి గురించి: బర్మింగ్‌హామ్, 1925 తర్వాత, కలకత్తా అంగడి, 1346 బహ్మన్. రెండో పేరాలో పోయిన గుర్రాల తుపాకి, దానికి చెందిన నిజాం కథ, అది ఏమైందో ఇద్దరు చెప్పిన రెండు మాటలు. మూడో పేరాకు 'హాకా నడిచినవారు' అని శీర్షిక పెట్టి కింద ఖాళీ వదిలారు. ఊళ్ళో అడుగుతూ తిరుగుతున్నాం. ఇప్పటికి నాలుగు పేర్లు దొరికాయి. మొదటిది ఆ పెద్దాయన తండ్రిది.